పటంలోని తాతగారిది ఏ పటాలం?

శ్రోతలకు నమస్కారం.

మన ఊళ్లలో చాలా ఇళ్ల గోడల మీద మిలటరీ దుస్తుల్లో ఉన్న తాతగారి ఫొటో ఒకటి వేలాడుతూ ఉంటుంది. పశ్చిమ గోదావరి జిల్లా మాధవరాన్నయితే జనం మిలటరీ మాధవరం అనే పిలుస్తారు. కానీ ఏ పటాలంలో పనిచేశారని అడిగితే, ‘బర్మా యుద్ధానికి వెళ్లారట’ అన్నంతవరకే జవాబు వస్తుంది. మిగతాది ఆ ఫొటోనే అడగాలి.

ముందు వెనక్కి తిప్పి చూడండి. అట్ట మీద స్టూడియో ముద్రో, ఊరి పేరో ఉండొచ్చు. ఊరు తెలిస్తే ఆ రోజుల్లో అక్కడ ఏ శిక్షణ కేంద్రం ఉండేదో వెతకొచ్చు. ఫొటో అద్దానికి అతుక్కుపోయి ఉంటే మాత్రం లాగకండి, చిరిగిపోతుంది. అలాగే ఉంచి, సెల్‌ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసి చూసుకుంటే సరి.

అందరి చూపూ టోపీ మీదికే పోతుంది. బ్యాడ్జిలో ఏనుగు కనిపిస్తే మద్రాస్ రెజిమెంటేమో అని అనుమానించాల్సిందే. 1803లో మరాఠాలతో జరిగిన అస్సాయే యుద్ధానికి గుర్తు అది. అయితే నన్నడిగితే టోపీ కన్నా భుజం నయం. భుజం పట్టీ చివర ఇత్తడి అక్షరాలు ఉంటాయి. ఆర్.ఐ.ఎ.ఎస్.సి. అని ఉంటే రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్. సైన్యానికి తిండి, పెట్రోలు, లారీలు చూసుకున్న విభాగం అది. తుపాకీ పట్టి ముందు వరసలో లేడని తెలిసి మొహం చిన్నబుచ్చుకునే మనవలుంటారు. బర్మా బురదలో ఆ లారీలు ఆగిపోతే ముందు వరస ఏం తిని పోరాడేదట?

అదే భుజం మీద ఒక నక్షత్రం కనబడగానే ‘మా తాత లెఫ్టినెంట్’ అనేస్తారు. ఆ రోజుల్లో అంతకన్నా కింది హోదా అయిన జమేదారుకూ ఒక నక్షత్రమే, సుబేదారుకు రెండు. జబ్బ మీద పట్టీలైతే రెండుంటే నాయక్, మూడుంటే హవల్దార్.

ఇక అసలు తిప్పలు ఛాతీ మీది పతకాల రిబ్బన్లతో. రెండో ప్రపంచ యుద్ధానికి ఇచ్చిన 1939-45 స్టార్ అనే పతకం రిబ్బనుకు ముదురు నీలం, ఎరుపు, లేత నీలం, మూడు సమానమైన చారలు. బర్మా స్టార్‌కు మధ్యలో వెడల్పాటి ఎరుపు, రెండు పక్కలా ముదురు నీలం, ఆ నీలం నడుమ సన్నటి నారింజ గీత. వినడానికి తేలికే. కానీ ఆ కాలపు ఫిల్ముల్లో చాలావాటికి ఎరుపు సరిగా అందేది కాదు. ఎర్రచార నల్లగా పడేది, నీలం వెలిసిపోయినట్టు తెల్లబడేది. అందుకే రంగు ఊహించకండి. చారలెన్ని, ఏది వెడల్పు, ఏది సన్నం అన్నది చూడండి. పైగా మన స్టూడియోల్లో ఫొటోకి రంగులద్దే అలవాటొకటి. ఆ పెయింటరు రిబ్బన్ చూసి ఉండడు, చేతిలో ఏ రంగుంటే అది పూసేవాడు. రంగులేసిన పటాన్ని సాక్ష్యంగా తీసుకోవడానికి నేనైతే ఒప్పుకోను.

రిబ్బన్ ఫొటో కాలాన్ని కూడా పట్టిస్తుంది. బర్మా స్టార్ పెట్టింది 1945 మేలో. అది ఛాతీ మీద ఉంటే ఫొటో అంతకు ముందుది కాదు. బ్యాడ్జిలో కిరీటం బదులు అశోకుడి సింహాలు కనిపిస్తే 1950 తర్వాతిదే.

చొక్కా చేతి మీద కుట్టిన బొమ్మ ఉంటే అది సాధారణంగా డివిజన్ గుర్తు, రెజిమెంటుది కాదు. కోడిపుంజు 23వ డివిజన్‌ది, నల్ల పిల్లి 17వ డివిజన్‌ది. ఒక్కో డివిజన్లో రకరకాల పటాలాలుండేవి కాబట్టి, ఏ రంగంలో పోరాడారో తెలుస్తుంది గానీ పటాలం తేలదు.

తెలంగాణ శ్రోతలకు ఒక మాట. 19వ హైదరాబాద్ రెజిమెంట్ అని ఎక్కడైనా కనిపిస్తే నిజాం సైన్యం అనుకోకండి. అది బ్రిటిష్ ఇండియా సైన్యంలోది, 1945లో కుమావూన్ రెజిమెంట్ అయింది. నిజాం పటాలాలు వేరే.

ఇంత చూసినా చాలాసార్లు విభాగం దగ్గరే ఆగిపోతాం. పటాలంలో ఏ బెటాలియనో, అంటే ఏ దళమో, చెప్పేవి కాగితాలే. ఇనప్పెట్టెలో డిశ్చార్జి పుస్తకం, అంటే కొలువు వదిలేటప్పుడు సైన్యం ఇచ్చేది, ఉందేమో వెతకండి. మొదటి ప్రపంచ యుద్ధం పతకం ఉంటే దాని అంచు తిప్పి చూడండి. నంబరు, పేరు, పటాలం అక్కడే చెక్కి ఉంటాయి. ఆ నంబరుతో రికార్డు ఆఫీసుకు రాయొచ్చు. మద్రాస్ రెజిమెంటుది నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో ఉంది, సైన్యంలో ఇంజనీరింగ్ పనులు చూసే మద్రాస్ శాపర్లది బెంగళూరులో.

యుద్ధంలో చనిపోయినవారైతే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితాలో వెతకండి. అక్కడ చాలామందికి పటాలంతో పాటు తండ్రి పేరు, ఊరు కూడా రాసి ఉంటాయి. ఇంటిపేరుతో దొరక్కపోతే ఒట్టి పేరుతో చూడండి. వెంకటస్వామిని ఇంగ్లీషులో నాలుగు రకాలుగా రాయొచ్చు, నాలుగూ వెతకండి.