ఐదు సెకన్ల మంట

శ్రోతలకు నమస్కారం.

హైపర్‌సోనిక్ క్షిపణి, అంటే ధ్వనికి ఐదు రెట్లు మించిన వేగంతో వెళ్లే క్షిపణి. దాని పేరు వార్తల్లో వినగానే, దాన్ని ఆపడం ఎవరి తరమూ కాదనే మాట కూడా వినిపిస్తుంది. లెక్క చూస్తే టెన్షన్ సహజమే. మాక్ 6, అంటే ధ్వనికి ఆరు రెట్ల వేగం. అలా వెళితే మన చెన్నై నుంచి బెంగళూరుకు మూడు నిమిషాలు కూడా పట్టదు. కానీ వేగం ఒక్కటే అయితే కొత్తేమీ లేదు. ఖండాంతర క్షిపణులు మాక్ 20 దాటిన వేగంతో దిగడం దశాబ్దాలుగా ఉన్నదే. గాలిలోనే ఎగురుతూ, దారి మార్చుకుంటూ, ఆ వేగాన్ని నిలుపుకోవాలి. కష్టమంతా ఆ నిలుపుకోవడంలోనే ఉంది.

నాకెంతో ఇష్టమైన ఉదాహరణ మనకు ఉత్తరాన, శ్రీహరికోటలో జరిగింది. అది క్షిపణి కాదు, ఇస్రో ప్రయోగం. 2016 ఆగస్టు 28, ఉదయం ఆరు గంటలు. 3,277 కిలోల రాకెట్, దాని రెండో దశకు రెండు స్క్రామ్‌జెట్లు, అంటే గాలిని పీల్చుకుంటూ ఇలాంటి వేగాన్ని నిలిపే ఇంజన్లు. హైడ్రోజన్ వెంట తీసుకెళ్లారు, ఆక్సిజన్ మాత్రం ఎదురొచ్చే గాలి నుంచే. ఆ గాలి ధ్వనిని మించిన వేగంతో లోపలికి వచ్చి, సెకనులో వెయ్యో వంతులో బయటికి పోతుంది. అంతలోనే ఇంధనం కలవాలి, అంటుకోవాలి, మంట ఆరకుండా నిలవాలి. గాలిలో దీపం పెట్టి దేవుడా నీ మహిమ అంటాం కదా, ఇక్కడ దేవుడి మీద వదిలేస్తే కుదరదు. ఆ దీపం వెలిగింది. ఐదు సెకన్లు. ఐదే ఐదు సెకన్లు! వాటితోనే ఈ పరీక్షను గగనంలో చేసి చూపిన నాలుగో దేశమయ్యాం. నాకు అది చాలా పెద్ద విజయం.

ఇక మలుపుల సంగతి. మాక్ 6 వేగంలో గురుత్వానికి పది రెట్ల బలంతో తిప్పినా, వెనక్కి తిరగడానికి అరవై కిలోమీటర్లకు పైగా వెడల్పు కావాలి. చెన్నై నుంచి మహాబలిపురం దూరం కూడా చాలదు. తిరిగిన ప్రతిసారీ వేగం తగ్గుతుంది, కిందికి దిగేకొద్దీ చిక్కటి గాలి ఇంకా తగ్గిస్తుంది. రష్యా హైపర్‌సోనిక్ అని చెప్పిన కింజాల్ క్షిపణిని 2023 మేలో ఉక్రెయిన్ రాజధాని కీవ్ మీద పేట్రియాట్ అనే అమెరికా తయారీ రక్షణ వ్యవస్థ కూల్చింది. అలాగని తేలిగ్గా తీసుకోకూడదు. హైపర్‌సోనిక్ క్షిపణి ఖండాంతర క్షిపణి కంటే తక్కువ ఎత్తులో వస్తుంది కాబట్టి నేల మీది రాడార్‌కు ఆలస్యంగా కనిపిస్తుంది. ఎటు తిరుగుతుందో ముందే చెప్పలేం. దాని అసలు బలం అదే.

అందుకే ఇలాంటి వార్త వచ్చినప్పుడు ఒక్కటి గమనించండి: ఇంజన్ ఎన్ని సెకన్లు మండింది? ఎక్కడ మండింది? 2020 సెప్టెంబరులో మన రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో స్క్రామ్‌జెట్ వాహనం మాక్ 6 దగ్గర ఇరవై సెకన్లకు పైగా ఎగిరింది. 2025 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో, తనను తాను చల్లబరుచుకునే స్క్రామ్‌జెట్ దహన గది నమూనా వెయ్యి సెకన్లకు పైగా మండింది. అది నేల మీద చేసిన పరీక్ష.