క్లైంబింగ్ జిమ్‌లో అడుగుపెట్టగానే మా నాన్నగారు అడిగిన ప్రశ్న

నమస్కారమండీ. మొన్న ఆదివారం మా కుటుంబమంతా కాకినాడలోని ఒక ఇండోర్ క్లైంబింగ్ జిమ్‌కు, అంటే హాల్లో కట్టిన గోడలు ఎక్కే చోటికి, వెళ్లి వచ్చాం. నేను, మావారు, పదకొండేళ్ల పాప, ఆరేళ్ల బాబు, మా నాన్నగారు. మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. మా వైపు నేల ఎత్తుగా కనిపించేది ఏటిగట్టు మీదే. అంతకన్నా పైకి వెళ్లాలంటే కొబ్బరి చెట్టు ఎక్కాలి. నాన్నగారు ముప్పై ఏళ్లు ఆ పనే చేశారు. కొబ్బరి దింపు కార్మికుడు ఆయన. అందుకే, మోకాళ్ల నొప్పులున్నా, ఆయన్ను వెంట తీసుకువెళ్లాను.

ఎదుర్లంక వారధి దాటి, యానాం మీదుగా రెండు గంటల ప్రయాణం. గంటన్నర సమయానికి పెద్దలకు 400 రూపాయలు, పిల్లలకు 300, బూట్ల అద్దె విడిగా తీసుకున్నారు. మా ఇంటికి అది తక్కువ ఖర్చేమీ కాదు. అందుకే చూసినదంతా వివరంగా చెబుతున్నాను.

లోపల రెండు రకాల గోడలున్నాయి. ఒకటి బౌల్డరింగ్ గోడ. నాలుగు మీటర్ల ఎత్తు ఉంటుంది, తాడు ఉండదు, కింద అడుగు మందాన పరుపులు పరిచి ఉంటాయి. రెండోది పది మీటర్ల గోడ, దానికి తాడు, హార్నెస్ (నడుముకూ తొడలకూ కట్టుకునే పట్టీలు) తప్పనిసరి. గోడ నిండా రంగురంగుల హోల్డులు, అంటే చేత్తో పట్టుకోవడానికీ కాలు పెట్టడానికీ ఉండే దిమ్మెలు, బిగించారు. ఒక రంగును పట్టుకుని ఎక్కితే అది ఒక దారి. పసుపు సులువు, నలుపు కష్టం. రంగుల లెక్క ఒక్కో జిమ్‌లో ఒక్కోలా ఉంటుంది, వెళ్లగానే అడిగి తెలుసుకోండి.

నాన్నగారు గోడను పైనుంచి కిందిదాకా ఒకసారి చూసి, శిక్షకుడిని అడిగిన మొదటి మాట: "ఎక్కడం సరే బాబూ, దిగడం ఎలా?"

ఆ ప్రశ్న ఎందుకు వచ్చిందో నాకు తెలుసు. కాళ్లకు బంధం, నడుముకు కత్తి కట్టుకుని పైకి వెళ్లేటప్పుడు ఒంట్లో సత్తువ ఉంటుంది. గెలలు కోసి దిగే వేళకు చేతులు వణుకుతాయి, చెమట కళ్లలో పడుతుంది, వాన కురిసిన మాను జారుతుంది. ఆయనతో పనిచేసినవాళ్లలో జారిపడిన ఇద్దరూ దిగేటప్పుడే పడ్డారు.

ఈ విషయంలో ఆ శిక్షకుడికి పూర్తి మార్కులు ఇస్తాను. పిల్లలను గోడ మీదికి పంపకముందే, పరుపు మీద పావుగంట సేపు పడటం నేర్పాడు. రెండు పాదాలూ ఒకేసారి ఆనాలి, మోకాళ్లు వంగాలి, వెంటనే వెనక్కి దొర్లాలి. చేతులు నేలకు ఆనించకూడదు, ఛాతీకి దగ్గరగా పెట్టుకోవాలి. చెయ్యి ఊతంగా పెడితే ఒంటి బరువంతా మణికట్టు మీద పడుతుంది. మావాడు పదిసార్లు పడి చూపించాడు, పదకొండోసారి ఎవరూ అడగకుండానే పడ్డాడు. పై దాకా వెళ్లాక దూకేయకుండా, వీలైనంత వరకు హోల్డులు పట్టుకుని దిగి రావాలని కూడా చెప్పారు.

పాప మొదట్లో చేతులతోనే ఒంటిని పైకి లాగింది. అయిదు నిమిషాల్లో వేళ్లు ఎర్రబడి, ముంజేతులు బిగుసుకుపోయాయి. కాకినాడ ఉక్కకు అరచేతులు తడిసి పట్టు జారుతోంది. దానికి చాక్ ఇస్తారు. అది మెగ్నీషియం కార్బొనేట్ పొడి, చెమటను పీల్చుకుంటుంది. అప్పుడు నాన్నగారు వంగి, పాప బూటు ముందు భాగాన్ని పట్టుకుని, బొటనవేలు ఉన్న చోటును హోల్డు అంచు మీద సరిగ్గా ఆనించారు. "చేత్తో లాగకమ్మా, కాలితో నెట్టు. చెయ్యి పట్టుకోవడానికే" అన్నారు. శిక్షకుడు తరువాత చెప్పబోయే పాఠం కూడా అదేనట! పాప కాలు నిటారుగా చాచగానే పై హోల్డు చేతికి అందింది. నాన్నగారి ముఖం చూడాల్సింది మీరు.

ఇక ఎత్తు గోడ. అక్కడ ఆటో బిలే అనే యంత్రం పైన బిగించి ఉంటుంది. మనం ఎక్కుతున్న కొద్దీ పట్టీని లోపలికి చుట్టుకుంటుంది, పట్టు వదిలితే నెమ్మదిగా కిందికి దింపుతుంది. చాలా మంచి ఏర్పాటు, కానీ పట్టీ కొక్కేన్ని హార్నెస్‌కు తగిలిస్తేనే పనిచేస్తుంది. మరచిపోయి ఎక్కేయకుండా, గోడ అడుగున త్రికోణాకారపు గుడ్డ ఒకటి అడ్డంగా ఉండాలి. కొక్కెం దానికి తగిలించి ఉంటుంది కాబట్టి, అది విప్పితేనే దారి. ఇక్కడ ఆ గుడ్డను తీసి పక్కన పడేశారు. కాపలా ఉండాల్సిన అబ్బాయి ఫోనులో మునిగిపోయాడు. రెండో విడతలో మా పాప కొక్కెం తగిలించకుండానే మూడు హోల్డులు ఎక్కేసింది. నేను వీడియో తీస్తున్నాను, నాకు కనబడలేదు. "అమ్మలూ, ఆగు! నడుముకు తాడేదీ?" అన్న నాన్నగారి కేకకు హాలంతా నిశ్శబ్దమైంది. పాప అక్కడినుంచే మెల్లగా దిగివచ్చింది. ఇప్పటికీ తలచుకుంటే నా గుండె ఝల్లుమంటోంది.

నిర్వాహకులతో అక్కడే మాట్లాడాను. తప్పు ఒప్పుకున్నారు, అడ్డుగుడ్డ అదే రోజు కట్టిస్తామన్నారు. అందుకే ఈ వీడియోలో జిమ్ పేరు చెప్పడం లేదు. మీరు ఏ ఊళ్లో ఏ జిమ్‌కు వెళ్లినా, ఎక్కే ప్రతిసారీ హార్నెస్ బకిల్, కొక్కెం రెండూ పెద్దవాళ్లు చేత్తో లాగి చూడండి. సిబ్బంది చూశారులే అనుకోవద్దు.

తిరుగు ప్రయాణంలో, 2024 పారిస్ ఒలింపిక్స్‌లో శామ్ వాట్సన్ అనే అమెరికా కుర్రాడు పదిహేను మీటర్ల గోడను 4.74 సెకన్లలో ఎక్కిన వీడియో నాన్నగారికి చూపించాను. రెండుసార్లు చూశారు. "మన పాత తోటలో చెట్టంత ఉంది" అన్నారు. తరువాత ఫోను కళ్లకు దగ్గరగా పెట్టుకుని, అతని నడుము దగ్గర తాడు ఎక్కడుందో వెతికారు.

పాప వచ్చే నెల మళ్లీ వెళ్దామంటోంది. వెళ్తాం, తాతయ్య కూడా వస్తానన్నారు. ఆ అడ్డుగుడ్డ కట్టారో లేదో చూసి, వచ్చి మీకు చెబుతాను.