ల్యాబ్‌లో చర్మం రెడీ. మరి నీళ్ల కనెక్షన్ ఏది?

నమస్తే అండీ. "ప్రింటర్‌లో చర్మం తయారు, కాలిన గాయాలకు ఇక దిగులు లేదు" అని కొన్నాళ్లకోసారి వాట్సాప్‌లో ఓ వార్త తిరుగుతుంటుంది. అది చూసినప్పుడల్లా నాకు చిరాకే. అబద్ధమని కాదు. చర్మం పెంచడం పాత విద్య. 1975లోనే రైన్‌వాల్డ్, హోవర్డ్ గ్రీన్ అనే ఇద్దరు మనిషి చర్మం పై పొర కణాలను ల్యాబ్ పళ్లెంలో పెంచి చూపించారు. 1980లలో ఒళ్లంతా కాలిన పిల్లలకు అలాంటి పొరలు వేశారు కూడా. అసలు పేచీ తయారీలో లేదు. అతికించాక దానికి రక్తం ఎప్పుడు అందుతుందన్నదే పేచీ. ఆ ముక్క మాత్రం ఏ వార్తలోనూ ఉండదు!

ఊరి చివర కొత్త అపార్ట్‌మెంట్ అనుకోండి. టైల్స్, లిఫ్ట్, రంగులు అన్నీ అదిరిపోయాయి. నీళ్ల కనెక్షన్ మాత్రం రాలేదు. జనం దిగిపోయారు. ఎన్నాళ్లుంటారు?

[స్క్రీన్ మీద: తొడ నుంచి తీసిన గ్రాఫ్ట్ బొమ్మ]

ముందు మామూలు గ్రాఫ్ట్ చూద్దాం. రోగి తొడ మీద నుంచే పల్చగా చర్మం తీసి గాయం మీద పరుస్తారు. మొదటి ఒకటి రెండు రోజులు అది గాయంలో ఊరే ద్రవాన్ని పీల్చుకుని బతుకుతుంది. అంటే ట్యాంకర్ నీళ్లు. రెండో రోజో మూడో రోజో గాయంలోని సన్న రక్తనాళాల కొసలు వచ్చి, గ్రాఫ్ట్‌లో ముందునుంచే ఉన్న నాళాల కొసలతో అతుక్కుంటాయి. గోడల్లో పైపులు ఎప్పుడో వేసి ఉన్నాయి, వీధి లైన్‌కి జాయింట్ వేశారు, అంతే. వారం తిరిగేసరికి పాలిపోయిన చర్మం గులాబీ రంగుకి తిరుగుతుంది. గ్రాఫ్ట్ పట్టిందన్నమాట.

ల్యాబ్ చర్మానికి వద్దాం. ఈ బిల్డింగ్ గోడల్లో పైపులే లేవు. నాళం నుంచి ఆక్సిజన్ దానంతటదే పాకగలిగేది 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్ల దూరమే. చర్మం లోపలి పొర అంతకంటే చాలా మందం. వీధిలోంచి కొత్త నాళాలు మొలిచి, మెల్లగా పాక్కుంటూ పై అంతస్తు చేరాలి. ఈలోగా ట్యాంకర్ అయిపోతుంది, పైవాళ్లు, అంటే పై పొర కణాలు, చచ్చిపోతారు.

ఇక్కడ ఇంటెగ్రా అనే కృత్రిమ చర్మం గురించి చెప్పకుండా ఉండలేను, నాకు భలే ఇష్టం. ఎంఐటీలో యానిస్ యానాస్, సర్జన్ జాన్ బర్క్ కలిసి చేసి 1981లో ప్రకటించారు. పశువుల నుంచి తీసిన కొలాజెన్ అనే ప్రొటీన్, సొరచేప మృదులాస్థి నుంచి తీసిన పదార్థం కలిపి స్పాంజిలా చేసి, పైన సిలికాన్ పొర వేశారు. లోపల ఒక్క బతికున్న కణం కూడా లేదు! ఖాళీ బిల్డింగ్. కాపురం ఉన్నవాళ్లే లేకపోతే దాహంతో పోయేదెవరు? రెండు మూడు వారాల్లో రోగి నాళాలు అందులోకి పాకుతాయి, అప్పుడు సిలికాన్ పొర తీసి పల్చటి సొంత చర్మం వేస్తారు. ఇబ్బందల్లా ఆ రెండు మూడు వారాలే. అన్నాళ్లూ ఇన్ఫెక్షన్ టెన్షన్, పైగా రెండో ఆపరేషన్ ఎలాగూ తప్పదు.

మరి తొందరపెట్టడం ఎలా?

అందరికీ ముందు తట్టేది గ్రోత్ ఫ్యాక్టర్. వీఈజీఎఫ్ అనే ప్రొటీన్ పోస్తే నాళాలు మొలుస్తాయి. నిజమే. కానీ అదొక్కటే పోస్తే హడావుడి కాంట్రాక్టర్ పనిలా ఉంటుంది: పైపులు వంకర, జాయింట్లన్నీ లీకు. నాళం గట్టిపడాలంటే దాని చుట్టూ పెరిసైట్లు అనే కణాలు చేరాలి. వాటిని పిలిచేది పీడీజీఎఫ్ అనే ఇంకో ప్రొటీన్. 2001లో డేవిడ్ మూనీ బృందం ఎలుకల్లో వీఈజీఎఫ్ ముందు, పీడీజీఎఫ్ తర్వాత నెమ్మదిగా విడుదలయ్యేలా చేస్తే గట్టిపడిన నాళాలు వచ్చాయి. డోసు కంటే వరస ముఖ్యమని నేననేది అందుకే.

రెండో దారి నాకు ఇంకా నచ్చుతుంది. పైపులు ల్యాబ్‌లోనే వేసి పంపేయడం. కెనడాలో లావాల్ యూనివర్సిటీ, ఫ్రాన్సువా ఓజే బృందం, బొడ్డుతాడు సిర నుంచి తీసిన ఎండోథీలియల్ కణాలను, అంటే నాళాల లోపలి గోడ కణాలను, చర్మంతో కలిపి పెంచింది. అవి వాటంతటవే సన్న గొట్టాలుగా కుదురుకున్నాయి. 2005లో ఆ చర్మాన్ని ఎలుకలకు అతికిస్తే 4 రోజుల్లోపే రక్తం పారింది. ఆ కణాలు లేని చర్మానికి 14 రోజులు పట్టింది. 14 ఎక్కడ, 4 ఎక్కడ!

టైమ్ అయిపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తా. వేరేవాళ్ల ఎండోథీలియల్ కణాలైతే మన ఒళ్లు ఒప్పుకోదు, తిప్పికొడుతుంది. సొంతవి పెంచాలంటే వారాలు, ఒళ్లు కాలినవాళ్లకు అంత వ్యవధి ఉండదు. అందుకే జ్యూరిక్‌లో కొందరు రోగి కొవ్వు నుంచి తీసిన కణాలు వాడి చూశారు. అందులో నాళాల కణాలు, పెరిసైట్లు రెండూ దొరుకుతాయి. 2020లో అమెరికాలోని రెన్‌సెలర్ ఇన్‌స్టిట్యూట్‌వాళ్లు ఎండోథీలియల్ కణాలు, పెరిసైట్లు, చర్మ కణాలు కలిపి ప్రింటర్‌తోనే చర్మం అచ్చు వేశారు, అతికించాక ఎలుక రక్తం అందులోకి పారింది. మళ్లీ ఎలుకే, మనిషి కాదు. వార్త ఫార్వర్డ్ చేసే ముందు ఆ ఒక్క మాట చూడండి, ప్లీజ్.

షుగర్ ఉన్నవాళ్ల కాలి పుండు గురించి కామెంట్లలో చాలామంది అడిగారు. అక్కడ కథ వేరు. చాలామందికి కాలికి వెళ్లే పెద్ద ధమనే పూడుకుపోయి ఉంటుంది. మెయిన్ లైన్‌లోనే నీళ్లు లేకపోతే ఇంట్లో ఎంత మంచి పైపులుండి ఏం లాభం? ముందు ఆ ధమని తెరుచుకోవాలి, యాంజియోప్లాస్టీతోనో బైపాస్‌తోనో. చర్మం సంగతి ఆ తర్వాతే. ఆ మెయిన్ లైన్ కథ వచ్చే వీడియోలో.