ఆ గడిలో ఏం రాయాలి?

అందరికీ నమస్కారం. ఆదివారం పూట, ఇంత ఉక్కపోతలో, గాజువాక నుంచీ మధురవాడ నుంచీ పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చిన అక్కలకీ అన్నలకీ, ఎంవీపీ కాలనీలో మేడ మీద ఈ హాలు అడగ్గానే ఇచ్చిన డాక్టరు గారికీ, వేదిక మీదున్న లాయరు మేడమ్ గారికీ, పొద్దున్నుంచీ కుర్చీలు మోసిన కుర్రాళ్లకీ నమస్కారాలు. వెనక వరుసలో అమ్మమ్మలూ తాతయ్యలూ కూర్చున్నారు. మీకు ప్రత్యేకంగా చెప్పాలి. మనవల్ని బడి మాన్పించి ఇంటి దగ్గరే చదివిస్తున్నారని మీకెంత బెంగగా ఉందో నాకు తెలుసు. అయినా వచ్చారు. పదో తరగతి సంగతేమిటని మీరడుగుతారు కాబట్టి ముందే చెప్పేస్తాను. పద్నాలుగేళ్లు నిండితే ఎన్ఐఓఎస్, అంటే జాతీయ ఓపెన్ స్కూల్ సంస్థ, నుంచి పది రాయొచ్చు. అది కేంద్ర ప్రభుత్వ సంస్థ, 1989 నుంచీ ఉంది. మన రాష్ట్రానికి ఓపెన్ స్కూల్ సొసైటీ వేరే ఉంది. ఆ విషయంలో టెన్షన్ పడకండి.

ఇక అసలు సంగతి. ఇంటి దగ్గర పిల్లల్ని చదివించుకుంటున్న కుటుంబాలకి న్యాయపరంగా అండగా ఉండే సంఘం ఒకటి పెడుతున్నారు. ఏడాదికింత అని చందా కట్టాలి. కష్టమొస్తే సంఘం తరఫున లాయరు సాయం. చేరాలా వద్దా అన్నది ఇవాళ తేల్చుకోవాలి. రెండు పక్షాలూ మాట్లాడమని నాకు చెప్పారు. నేను ఒక పక్షమే మాట్లాడతాను. చేరదాం. అయితే కొన్ని మాటలు కాగితం మీద రాయించుకుని చేరదాం.

ముందు చట్టం. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని దగ్గర్లోని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అని 10వ సెక్షన్ చెబుతోంది. చేర్పించకపోతే ఇదీ శిక్ష అని ఆ సెక్షన్‌లో లేదు. ఇంటి చదువు చెల్లుతుందని ఆ చట్టంలో ఎక్కడా లేదు. చెల్లదని కూడా లేదు. అలా లేకపోవడం వల్ల ఏమవుతుందో చెప్పాలంటే నా గొడవ చెప్పాల్సిందే.

మా పాపని నాలుగో తరగతి అయ్యాక మాన్పించాం. చదువు రాక కాదు. మాట తడబడేది. క్లాసులో నిలబెట్టి చదవమంటే మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయేది. ఇంటర్వెల్‌లో మిగతా పిల్లలు ఆ అక్షరాన్నే పట్టుకుని ఏడిపించేవారు. ఇంట్లో పిల్లితో గలగలా మాట్లాడే పిల్ల, వీధి చివర స్కూల్ బస్సు హారన్ వినబడితే కడుపునొప్పి అని పడుకునేది.

టీసీ కోసం ఆ స్కూలుకి వెళ్లాను. పేరు చెప్పను, చెప్పాల్సిన పనీ లేదు. గుమస్తా గారు ఫారం ఇచ్చారు. పేరు, పుట్టిన తేదీ, పుట్టుమచ్చలు అన్నీ నింపాను. 'చేరబోయే పాఠశాల' అని ఒక గడి ఉంది. 'ఇంటి దగ్గర చదువు' అని రాశాను. ఆయన అది చదివి, పెన్ను మూత పెట్టేసి, "ఇల్లు బడి కాదు కదమ్మా, బడి పేరు రాసి తెండి" అన్నారు. ఏదో ఒక బడి పేరు రాసెయ్యండి, ఎవరు చూడొచ్చారు అని సలహా కూడా ఇచ్చారు. నేను రాయనన్నాను. రేపు ఎవరైనా అడిగితే చూపించాల్సిన కాగితం అది. దాని మీద నా చేత్తో అబద్ధం రాసి, నా పిల్లకి ఏం చదువు చెప్పను?

ఆ తర్వాత రేపు రండి అన్నారు, ప్రిన్సిపాల్ గారు లేరన్నారు, వచ్చే ఏడాది ఫీజు కడితే ఇస్తామన్నారు. టీసీ వెంటనే ఇవ్వాలని అదే చట్టం 5వ సెక్షన్‌లో ఉంది. ఆలస్యం చేసిన హెడ్మాస్టరు మీద చర్య తీసుకోవచ్చని కూడా ఉంది. కానీ అది వేరే బడిలో చేరబోయే పిల్లల గురించి రాసింది. మన ఊసు అందులో లేదు. ఆ సందులోనే నన్ను వారాల తరబడి ఆ బెంచీ మీద కూర్చోబెట్టారు. మా ఆయన షిప్‌యార్డ్ డ్యూటీ వదిలి రాలేరు. అత్తగారు "పోనీ, ఆ పేరేదో రాసెయ్యమ్మా" అని ఫోను. ఆ బెంచీ మీద మనకి మనమే తప్పు చేసినవాళ్లలా కనబడతాం. ఈ మాట మగవాళ్లు గట్టిగా వినాలి. ఎందుకంటే ఆ బెంచీ మీద కూర్చునేది ఎప్పుడూ తల్లే.

చివరికి మా వీధిలో ఉండే రిటైర్డ్ హెడ్మాస్టరు గారు నాతో వచ్చారు. కేకలెయ్యలేదు, చట్టం చదవలేదు. నా పక్కన కూర్చుని, "ఇవ్వం అన్న మాటే కాగితం మీద రాసి సంతకం పెట్టివ్వండి, వెళ్లిపోతాం" అన్నారు. సాయంత్రానికి టీసీ చేతికొచ్చింది. ఆ గడిలో 'తల్లిదండ్రుల కోరిక మేరకు' అని వాళ్లే రాసుకున్నారు.

ఒక్కసారి చేతులెత్తండి. ఇక్కడ ఎంతమందికి టీసీ ఇంకా రాలేదు? ఎత్తండి, మొహమాటం వద్దు. చూడండి మేడమ్, ఎన్ని చేతులో!

అందుకే చేరదామంటున్నాను. లాయరు దొరకడం ఒక్కటే అయితే చందా అక్కర్లేదు. 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్లకీ పిల్లలకీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లి అడగొచ్చు, లేదా 15100కి ఫోన్ చేయొచ్చు. చేరినా చేరకపోయినా ఈ నంబరు రాసుకోండి. సంఘం నుంచి నాకు కావలసింది ఆ బెంచీ మీద నా పక్కన కూర్చునే మనిషి.

మా ఆడపడుచు డల్లాస్‌లో ఉంటుంది. ఆవిడా పిల్లల్ని ఇంట్లోనే చదివిస్తోంది. 1983లో పెట్టిన హోమ్ స్కూల్ లీగల్ డిఫెన్స్ అసోసియేషన్ అక్కడుంది, మీరూ అలాంటిదే పెట్టుకోండి అంటుంది. అక్కడి సంగతి వేరు. ఇంట్లో సక్రమంగా చెప్పే చదువు ప్రైవేటు బడి కిందే లెక్క అని టెక్సస్ సుప్రీంకోర్టు 1994లోనే తేల్చేసింది. అక్కడ లాయరు ఆ తీర్పు తీసి చూపిస్తాడు. ఇక్కడ మన లాయరు అలా తీసి చూపించడానికి ఏముంది? కాబట్టి చందా కట్టాం, ఇక మనకేం ఫరవాలేదు అని ఎవరూ ఇంటికెళ్లి పడుకోవద్దు.

ఇంకొకటి, నాకు ముఖ్యమైనది. మొన్నామధ్య వార్డు సచివాలయం నుంచి ఒకమ్మాయి వచ్చింది. "ఏటమ్మా, పాప బడికెల్లట్లేదా? మా లిస్టులో పేరుంది" అంది. కొందరు తలుపు తియ్యొద్దని సలహా ఇస్తున్నారు. నేను ఒప్పుకోను. ఆ లిస్టు ఎందుకు పుట్టింది? ఈ ఊళ్లోనే బడి ఈడు పిల్లలు పనుల్లో ఉన్నారు. పెళ్లి చేసేద్దామని ఇంట్లో కూర్చోబెట్టిన ఆడపిల్లలున్నారు. ఆ అమ్మాయి వెతికేది వాళ్లని. వెతకాలి కూడా. మా పాప చేత్తో రాసిన నోట్సులూ, బొర్రా గుహలు చూసొచ్చి గీసిన బొమ్మలూ ముందు పెట్టి మంచినీళ్లిచ్చాను. చూసి, రాసుకుని వెళ్లింది. పనికి పంపడానికో పెళ్లి చేయడానికో పిల్లని బడి మాన్పించినవాళ్లకి ఈ సంఘం కొమ్ము కాయదని నియమావళిలో మొదటి పేజీలోనే ఉండాలి. లేకపోతే నా సంతకం ఉండదు.

మిగతావి గబగబా చెబుతాను, టైమైపోయిందని సైగ చేస్తున్నారు. వకాలత్, అంటే మన తరఫున వాదించమని ఇచ్చే కాగితం, సంతకం చేసేది లాయరు పేరు మీద, సంఘం పేరు మీద కాదు. కాబట్టి ఆ లాయరెవరో ముందే చెప్పాలి. హైకోర్టు అమరావతిలో ఉంది, అక్కడికెళ్లే ఖర్చు చందాలో ఉందా లేదా రాయాలి. నాలుగైదు కుటుంబాలు కలిసి ఒక ఫ్లాట్‌లో టీచరుని పెట్టుకుని నెలనెలా డబ్బులేసుకుంటున్నారు. దాన్ని ఎవరైనా గుర్తింపు లేని బడి అంటే విద్యాహక్కు చట్టం 18వ సెక్షన్ కింద లక్ష రూపాయల దాకా జరిమానా, ఆపకపోతే రోజుకి పదివేల దాకా. వాళ్ల పక్కన సంఘం నిలబడుతుందా, లేదా? ఇప్పుడే చెప్పాలి, కేసయ్యాక కాదు.

ఇంకొక ప్రశ్న ఉంది. దాన్ని ఎవరూ అడగరు, ఇబ్బందిగా ఉంటుంది కాబట్టి. ఫారాలు ఆ బల్ల మీదే ఉన్నాయి, సంతకాలు కాసేపాగి పెడదాం. లాయరు మేడమ్, మైకు మీకిస్తున్నాను. భార్యాభర్తలిద్దరూ ఈ సంఘంలో సభ్యులు. రేపు విడిపోయారు. ఫ్యామిలీ కోర్టులో భర్త "ఈవిడ పిల్లని బడికి పంపడం లేదు, పిల్లని నాకిచ్చెయ్యండి" అన్నాడు. మీరు ఎవరి పక్కన నిలబడతారు?