ఫాల్ కలర్స్ కోసం పెరట్లో ఒక వైన్ మేపుల్

(దృశ్యం: అక్టోబరు ఉదయం. ఇంటికి తూర్పు పక్కన పదడుగుల చెట్టు.)

నమస్కారమండీ. ఈ చెట్టు చూడండి. పైన ఎండ తగిలే ఆకులు ఎర్రబడ్డాయి, కింద నీడలో ఉన్నవి పసుపు దగ్గరే ఆగాయి. సియాటిల్, బెల్వ్యూ, రెడ్‌మండ్ వైపు ఉండే మనవాళ్లం ఫాల్ కలర్స్ అనగానే కారేసుకుని స్టీవెన్స్ పాస్ దారి పడతాం కదా. ఆ కొండవాలుల మీద ఎర్రగా మెరిసే పొదల్లో చాలా భాగం ఇదే, వైన్ మేపుల్. దీన్ని ఇంట్లోనే పెంచుకోవచ్చు.

ఇది ఈ నేల చెట్టే. బ్రిటిష్ కొలంబియా నైరుతి మూల నుంచి ఉత్తర కాలిఫోర్నియా దాకా, డగ్లస్ ఫర్ లాంటి పెద్ద చెట్ల నీడలో పెరుగుతుంది. ఎత్తు మామూలుగా 15 నుంచి 25 అడుగులు. ఒకే మాను ఉండదు, మొదట్లోనే నాలుగైదు కాండాలు లేస్తాయి. దట్టమైన నీడలో ఆ కాండాలు తీగల్లా వంగి నేలను తాకుతాయి, తాకినచోట వేళ్లు దిగుతాయి. ఇంగ్లీషులో వైన్ (vine) అంటే తీగ, అందుకే ఆ పేరు. దగ్గరి చుట్టాలన్నీ ఆసియాలోనే ఉన్నాయి, జపనీస్ మేపుల్ వాటిలో ఒకటి. చిన్న పెరడు ఉన్నవాళ్లకు నేను మొదట చెప్పే చెట్టు ఇదే.

(దృశ్యం: అంచులు కాలిన ఆకు, దగ్గరగా.)

నా మొదటి మొక్కను డ్రైవ్‌వే పక్కన, నైరుతి గోడ దగ్గర పెట్టాను. ఎండ ఎంత ఉంటే ఎరుపు అంత వస్తుందనుకున్నాను. ఆగస్టుకల్లా ఆకులన్నీ ఇలా మాడిపోయాయి. అక్టోబరులో ఎర్రబడటానికి చెట్టు మీద ఆకులేవి?

ఎందుకలా అయిందో చెబుతాను. పగళ్లు కురచబడేకొద్దీ ఆకు పత్రహరితం తయారీ ఆపేస్తుంది. అప్పటిదాకా ఆ పచ్చదనం చాటున ఉన్న పసుపు బయటపడుతుంది. ఎరుపు అలా ముందే ఉండదు, ఆకు అప్పటికప్పుడు తయారు చేసుకోవాలి. ఆ రంగు పేరు ఆంథోసయనిన్. దానికి ఆకులో చక్కెర ఉండాలి, చక్కెరకు ఎండ కావాలి. రాత్రుళ్లు చల్లగా ఉండాలి గానీ మంచు పట్టేంత కాదు. అంటే ఆకు ఆగస్టు ఎండకు మాడకూడదు, అక్టోబరు ఎండ మాత్రం దానికి అందాలి. ఈ రెండూ కుదిరే చోటు ఇంటికి తూర్పు పక్క. పొద్దున ఎండ, మధ్యాహ్నం గోడ నీడ.

(దృశ్యం: కుండీ నుంచి తీసిన మొక్క, వేరుముద్ద.)

నాటడానికి అక్టోబరు, నవంబరు మంచివి. వానలు మొదలవుతాయి, నేలలో వెచ్చదనం ఇంకా ఉంటుంది. గింజతో పెంచిన మొక్కల్లో రంగు ఒక్కోదానికి ఒక్కోలా వస్తుంది కాబట్టి కొనడం కూడా అప్పుడే, కళ్లారా చూసి కొనండి. గింజ మీరే వేస్తే మొలకకే రెండేళ్లు పట్టొచ్చు.

తవ్వే ముందు 811కి ఫోన్ చేసి గ్యాస్, కరెంటు లైన్లు గుర్తు పెట్టించుకోండి. గొయ్యి వెడల్పు వేరుముద్దకు రెండింతలు ఉండాలి, లోతు మాత్రం దానంతే. కుండీలో గుండ్రంగా చుట్టుకున్న వేళ్లను విడదీయండి. కాండం విచ్చుకుని వేళ్లుగా మారే చోటు మట్టిపైకి కనిపించాలి, అది పూడిపోతే చెట్టు ఏళ్ల తరబడి ఇబ్బంది పడుతుంది. పైన మూడంగుళాల మందాన చెక్కముక్కలు పరవండి, కాండానికి తగలనివ్వకండి.

ఇక నీళ్లు. ఇది వానల ఊరే గానీ జులై, ఆగస్టుల్లో చినుకు అరుదు. మొదటి రెండు మూడు వేసవులు వారానికోసారి పైపు సన్నగా వదిలి, నీళ్లు లోతుకు ఇంకేదాకా ఉంచండి. రోజూ పైపైన చల్లితే వేళ్లు పైనే ఉండిపోతాయి. మనలో చాలామంది సరిగ్గా అప్పుడే పిల్లల సెలవులకు ఇండియా వెళతాం. పక్కింటివాళ్లకు అప్పజెప్పి వెళ్లండి, ఒక్క నెల ఎండితే చిన్న మొక్క తట్టుకోలేదు.

(దృశ్యం: మళ్లీ చెట్టు, పైకొమ్మ.)

మాడిన నా మొక్కను ఆ నవంబరులోనే తవ్వి ఇక్కడికి మార్చాను. మరుసటేడు పసుపే వచ్చింది. ఆ పైయేడు ఈ పైకొమ్మ ఒక్కటి ఎర్రబడింది. చిన్నప్పుడు మా బడి ఆవరణలో ఎర్రటి బాదం ఆకులు ఏరుకునేదాన్ని. ఆ కొమ్మ నుంచి రాలిన మొదటి ఆకును మా అమ్మాయి తన లెక్కల పుస్తకంలో పెట్టుకుంది.