కుర్చీలోంచి లేవడం ఏ శాఖ పని?

యాంకర్: నమస్కారం. వృద్ధుల ఆరోగ్యం విషయంలో ఎవరు దేనికి పెద్దపీట వేస్తున్నారో ఇవాళ మాట్లాడుకుందాం. మేడమ్, పెన్షన్ ఉంది, ఆరోగ్య కార్డు ఉంది, బస్సులో రాయితీ ఉంది. ఇంకేం లోటు?

డాక్టర్: అవన్నీ కావలసినవేనండి. ఆంధ్రాలో 2024 జూలై నుంచి వృద్ధాప్య పెన్షన్ 4,000 రూపాయలు, అదీ ఇంటికొచ్చి ఇస్తున్నారు. అదే ఏడాది అక్టోబరులో కేంద్రం 70 నిండినవాళ్లకి, ఆదాయం ఎంతున్నా సరే, ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం పెట్టింది. కానీ ఆస్పత్రిలో చేరితేనే. తుంటి ఎముక విరిగితే ఆపరేషన్‌కి డబ్బొస్తుంది. అసలు పడకుండా కాళ్లకి బలం తెచ్చే వ్యాయామానికి రాదు. నాకు బాధ కలిగించేది ఇదే. ఏ శాఖకి ఆ శాఖ తను లెక్కపెట్టగలిగినదాన్నే చూసుకుంటోంది.

యాంకర్: పెద్దవాళ్లకి కావలసింది వేరేనా?

డాక్టర్: ఒకరి చెయ్యి పట్టుకోకుండా బాత్రూమ్‌కి వెళ్లి రావడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అదే డబ్ల్యూహెచ్‌ఓ, కూడా అంతే చెబుతోంది, జబ్బుల జాబితా ఒక్కటే చూడొద్దు, మనిషి తన పనులు తను చేసుకోగలుగుతున్నాడా చూడమని. దానికి ఇంట్లోనే చేసే పరీక్ష ఒకటుంది.

యాంకర్: ఎలా చెయ్యాలి?

డాక్టర్: చేతుల్లేని గట్టి కుర్చీని గోడకి ఆనించండి. పెద్దాయన రెండు చేతులూ ఛాతీ మీద కట్టుకోవాలి. ముందు ఒక్కసారి లేవమనండి. అది ఇబ్బంది లేకుండా వస్తేనే మిగతాది. వరసగా ఐదుసార్లు పూర్తిగా లేచి కూర్చోవాలి, ఫోన్‌లో టైమ్ చూడండి. 14 సెకన్లు దాటినా, మధ్యలో ఆగిపోయినా కాళ్ల సత్తువ తగ్గిందేమో డాక్టరుకి చూపించాలి. పక్కన ఒకరు నిలబడి ఉండాల్సిందే.

యాంకర్: ఎక్కడ పొరపాటు జరుగుతుంది?

డాక్టర్: సోఫాలో చేయిస్తారు. మెత్తగా దిగబడితే ఎవరికైనా లేవడం కష్టమే. మంచం పట్టె మరీ ఎత్తుగా ఉంటే తేలికైపోతుంది. చాలామంది తెలియకుండానే మోకాళ్ల మీద చేతులు ఊని లేస్తారు, అది లెక్కలోకి రాదు. కింద పట్టా పరిచి ఉంటే జారుతుంది, తీసెయ్యండి.

యాంకర్: సత్తువకి తిండి కూడా కావాలి కదా?

డాక్టర్: అక్కడా ఇదే కథ. రేషన్ అంటే ప్రధానంగా బియ్యం. కడుపు నిండాలన్నది పౌరసరఫరాల లక్ష్యం, తప్పు కాదు. కానీ కండకి ప్రొటీన్ కావాలి. బరువులో కిలోకి రోజుకి 0.83 గ్రాములన్నది మన దేశపు లెక్క, 60 కిలోల మనిషికి దాదాపు 50 గ్రాములు. పళ్లు ఊడాక మెత్తటి అన్నం, చారు, మజ్జిగతో సరిపెట్టుకుంటారు. కందిపప్పు చేతికి తగలనంత మెత్తగా ఉడికించి పెట్టండి, గుడ్డు నలిపి కలపండి. కిడ్నీ జబ్బుంటే మాత్రం డాక్టర్ని అడిగాకే పెంచాలి.

యాంకర్: బస్సు సంగతి?

డాక్టర్: ఏపీఎస్‌ఆర్‌టీసీలో 60 దాటితే పావు వంతు రాయితీ. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకి ఉచితం. రెండూ టికెట్ తగ్గించాయి, పల్లెవెలుగు బస్సు మొదటి మెట్టు ఎత్తు తగ్గించలేదు. కుర్చీలోంచి లేవలేని కాలు ఆ మెట్టూ ఎక్కలేదు. ఆరోగ్య శాఖ, రవాణా శాఖ కలిసి కూర్చుంటే గానీ ఈ ముడి విడదు.

యాంకర్: అప్పటిదాకా ఇంట్లోవాళ్లు ఏం చెయ్యాలి?

డాక్టర్: ఐదుసార్లకి ఎన్ని సెకన్లు పట్టిందో తారీఖు వేసి రాసుకోండి, మూడు నెలలకోసారి. గత మూడు నెలల్లో అనుకోకుండా 3 కిలోలు తగ్గారేమో కూడా రాయండి. వృద్ధుల ఆరోగ్య కార్యక్రమం కింద ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో (పీహెచ్‌సీ) వారానికోసారి వృద్ధుల ఓపీ, జిల్లా ఆస్పత్రిలో 10 పడకల వార్డు, ఫిజియోథెరపీ ఉండాలి. ఆ రోజేదో ముందే కనుక్కుని, ఈ కాగితం చేత్తో పట్టుకెళ్లండి. "కాళ్లు లాగుతున్నాయి" అంటే నొప్పి మాత్ర రాసిచ్చి పంపేస్తారు. "ఐదుసార్లు లేవడానికి అప్పుడు 12 సెకన్లు, ఇప్పుడు 19" అనండి, ఫిజియో దగ్గరికి రాయమని అడగండి.