చలికాలంలో దూడల సంగతి

నమస్కారం. డిసెంబరు, జనవరి నెలల్లో ఆదిలాబాద్ వైపు రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల లోపుకు దిగడం మామూలే. అలాంటి చలికి పెద్ద బర్రె అంత తొందరగా జడవదు. కడుపు నిండా జొన్న చొప్ప మేసిందంటే, అది పొట్టలో పులిసి అరిగేటప్పుడు పుట్టే వేడే దాన్ని కాస్తుంది, అందుకే సాయంత్రం మేత కాస్త ఎక్కువ వేయండి.

నెల నిండని దూడకు ఆ వసతి లేదు, దానికి తాగిన పాలే ఆధారం. మనమేమో పాల కేంద్రానికి ఇంకో లీటరు పోద్దామని దాని వాటాకే కోత పెడతాం! మాయ పడేదాకా ముర్రుపాలు పట్టొద్దనే మాట కూడా ఇంకా వినిపిస్తోంది. ఆగొద్దు. పుట్టగానే పొడి గుడ్డతో తుడిచి, రెండు గంటల్లోపే తాగించండి, 30 కిలోల దూడకైతే మొదటి రోజు మొత్తం మీద 3 లీటర్లు పడాలి.

ఇక కొట్టం. గాలి కొట్టే వైపు గోనెపట్టాలు కట్టండి, కానీ పైన జానెడు ఖాళీ ఉంచండి. చలి అని నాలుగు వైపులా బిగించేస్తే పేడ, మూత్రాల ఘాటు లోపలే నిలిచిపోయి ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది, దానికి తోడు పొగ కూడా పెట్టామంటే న్యుమోనియాను మనమే పిలిచినట్టు. పొద్దున కొట్టంలో అడుగు పెట్టగానే మీ కళ్లు మండాయా, దూడ రాత్రంతా పీల్చింది ఆ గాలినే. కింద వరిగడ్డి మందంగా పరవండి. దాని మీద ఒకసారి మోకాళ్లు ఆనించి చూడండి, మీ బట్టలకు తడి అంటితే గడ్డి మార్చాల్సిందే.

దూడ దగ్గుతున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, పాలు వదిలేసినా సొంత వైద్యం వద్దు. ఒంటి వేడి 104 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిందంటే అసలు ఆలస్యం చేయకుండా పశువైద్య సాయం నంబరు 1962కు ఫోన్ చేయండి.

ఎలాగూ తెల్లవారుజామున కొట్టానికి వెళ్తారు కాబట్టి, చూడి కట్టాల్సిన బర్రెలను కూడా ఓసారి చూడండి. బర్రెలు ఎక్కువగా ఎదకొచ్చేది ఈ చలికాలంలోనే, అయితే చాలావాటిది మూగ ఎద, అరవవు, తోటి బర్రెల మీదికి ఎక్కవు, మానం నుంచి జారే జిగట తీగలు కూడా పడుకున్నచోట గమనిస్తేనే కనిపిస్తాయి. పొద్దున చూస్తే అదే సాయంత్రం, సాయంత్రం చూస్తే మర్నాడు పొద్దున ఎద సూది (కృత్రిమ గర్భధారణ) వేయించండి.